స్టెప్నీ

"స్టెప్నీ వికారాబాద్‌లనే ఉంది. ఇంట్ల తెలిస్తె లొల్లయితది. ఆదివారం పోయినప్పుడు చూస్త."

గేటు దగ్గర కారు తుడుస్తూ అనిల్‌కుమార్ ఫోన్లో అన్న మాటలివి. వెనకాల బట్టలు ఆరేస్తున్న అతని భార్య వినీత చెవిన పడ్డాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మాటకు రెండో అర్థం ఆమెకు తెలుసు. ఇంట్లో పెళ్ళాం ఉండగా ఇంకొకామెను పెట్టుకుంటే, ఆ ఇంకొకామెను మగవాళ్ళు తమలో తాము నవ్వుకుంటూ పిలుచుకునే పేరది. నాపరాళ్ళ వ్యాపారం చేసే ఇంటికి కోడలై తాండూరు వచ్చాక, లారీలవాళ్ళ నోట ఎన్నిసార్లు వినలేదు!

అసలే ఆ కారంటే ఆమెకు ఒళ్ళుమంట. భార్య, భర్త, అత్త ముగ్గురున్న ఇంటికి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నేలకు జానెడెత్తు. రాళ్ళ లారీలు గుంతలు చేసిన రోడ్డు మీద దాన్ని నడపడమే ఒక తపస్సు. వారమంతా దుప్పటి కప్పుకుని పడుకుని, ఆదివారం పొద్దున్నే వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలకు షికారు బయల్దేరుతుంది. తనూ వస్తానంటే, "తేలిక బండి వినీ, ఇంకో మనిషెక్కితె మజా రాదు" అంటాడు. ముందు అద్దం దగ్గర ఆమె అతికించిన బొటనవేలంత వినాయకుణ్ణి కూడా బరువని పీకేశాడు.

"ఎవతి అది?" అంది బకెట్టు కిందపడేసి. ఎప్పుడూ 'మీరు' అనే మనిషికి ఆ క్షణాన 'నువ్వు' వచ్చింది. "చెప్పు. ఎవతిని పెట్టినవ్ వికారాబాద్‌ల? ఇయ్యాల్నే మా అన్నను పిలిపిస్త. ఉంటె నేనుండాలె, లేకుంటె అదుండాలె."

అత్త గౌరమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. అనిల్ డిక్కీ తెరిచి చూపించాడు.

"స్టెప్నీ అంటె ఎక్స్‌ట్రా టైరు. ఇగో, చూడు, ఖాళీ. బరువైతదని తీసి వికారాబాద్‌ల మెకానిక్ షెడ్డుల పెట్టిన. గిన్ని లక్షలు పోసి కొని టైరు లేకుండ తిరుగుతున్నవా అని లొల్లి చేస్తవని నీకు చెప్పలే. కావాల్నంటె రూపేష్‌నే అడుగు."

ఫోన్లో అవతల ఉన్నది అనిల్ తమ్ముడు రూపేష్. స్పీకరు నొక్కగానే ఒకటే నవ్వు. "వదినె, టైరుతోని కొట్లాట పెట్టుకున్నవా?"

గౌరమ్మ నవ్వలేదు. "నా కొడుకు నిప్పసొంటోడు. నిప్పుకు చెదలు పడ్తదా?" అని వాకిట్లోనే, పనిమనిషి యాదమ్మ చూస్తుండగా, కోడలితో మొగుడికి తప్పయిందని చెప్పించింది.

ఆ ముచ్చట ఇల్లు దాటింది. రాళ్ళ పాలిషింగ్ షెడ్డులో నవ్వారు. బషీరాబాద్ నుంచి ఆడబిడ్డ పనిగట్టుకుని ఫోన్ చేసి మరీ నవ్వింది. పసుపు కుంకుమలకు పిలిచిన ఇంట్లో ఒకావిడ, "మీ సవతికి గాలి తగ్గలేదు గదా?" అని అడిగింది.

"నవ్వుండ్రి. నవ్విన నాపచేనే పండుతది," అంది వినీత. ఏం పండుతుందో ఆమెకే తెలియదు. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

ఇప్పుడు కోపం మొగుడి మీద కాదు, తన నోటి మీద. కట్టుకున్నవాణ్ణి నమ్మలేని మనిషి అన్న పేరు తనే కొని తెచ్చుకుంది. ఆ పేరు పోవాలి. మొగుడి పక్కన అదే కారులో ఊరంతా చూసేలా వెళ్ళిరావాలి.

ఆదివారం పొద్దున, "ఇయ్యాల నేనొస్త," అని కారు ముందు నిలబడింది. అనిల్ నసిగాడు. "తీస్కపోరా, ఊరి నోరు మూతపడ్తది," అంది గౌరమ్మ. తల్లి మాట కాదనలేక తలుపు తీశాడు.

డ్రైవరు పక్క సీటు బాగా ముందుకు జరిపి ఉంది. వినీత మోకాళ్ళు ఎదుటి డ్యాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి. విసుక్కుంటూ వెనక్కి జరుపుకుంది.

కోట్‌పల్లి రోడ్డు దాటగానే, ఏ లారీలోంచి పడిందో, నాపరాయి ముక్క టైరును కోసేసింది. కారు ఒక పక్కకు కుంగింది.

వినీత ఇన్నాళ్ళూ మింగుకున్నదంతా బయటికొచ్చింది. "బరువు బరువని దేవుణ్ణి సుత పీకేస్తిరి. టైరన్న ఉంచుకోవద్దా? దానివల్ల నేను ఊరందరి నోట్ల పడ్డ. ఇప్పుడు నడిరోడ్డు మీద నిలబెట్టిండ్రు. పోండ్రి. వికారాబాద్ ఎంత దూరమని? ఆ స్టెప్నీ లేకుండ నా ముందుకు రాకుండ్రి."

అనిల్ ఆమె వంక చూశాడు. అటుగా వెళ్తున్న బైకును ఆపి వెనకెక్కాడు.

"జర లేటయితది," అన్నాడు.

లేటే అయింది. ఎండ ముదిరింది. కందిచేల మీంచి వేడిగాలి కొడుతోంది. పోయే ప్రతి లారీవాడూ బండిని, ఆమెను చూసి పళ్ళికిలించి పోతున్నాడు. ఫోన్ చేస్తే అనిల్ ఎత్తడు. టైరును దొర్లించుకుంటూ నడిచొచ్చినా ఈపాటికి వచ్చేవాడు.

కారు అద్దం మీద కంపెనీవాళ్ళ హెల్ప్‌లైన్ నంబరు కనబడింది. ఆ కోపంలోనే కలిపింది. కారు పేరు, నంబరు చెప్పింది.

"ఎవరినన్న పంపుండ్రి. మా ఆయన స్టెప్నీ కోసం వికారాబాద్ పోయిండు. ఆయన తెచ్చినంక బిగిస్తె చాలు."

అవతలి అమ్మాయి కాసేపు ఏదో వెతికింది. తర్వాత ఎంతో మర్యాదగా చెప్పింది:

"మేడమ్, బరువు పెరుగుతుందని ఆ కారుకు మా కంపెనీ అసలు స్టెప్నీయే ఇవ్వదండి."