కన్ను కొట్టిన కారు

"ఒరేయ్, తాళం మాత్రం ఎవడి చేతికీ ఇవ్వకు. ఈమధ్య కొనేవాళ్ళలా వచ్చి, నడిపి చూస్తామని ఎక్కి, అటునుంచి అటే చెక్కేస్తున్నారు" అని బావ ఫోన్లో మరీ మరీ చెప్పాడు.

"నా ప్రాణం పోయినా ఇవ్వను బావా" అన్నాడు బావమరిది.

పాత కార్లు అమ్మే ఆ షాపు బావది. ఊళ్ళు తిరిగి కార్లు తేవడం, వెనక షెడ్డులో వాటికి రంగులేసి ముస్తాబు చేయడం బావ పని. అమ్మడం బావమరిది పని. పని అనడమే గానీ, చేరిన దగ్గర్నుంచీ అతను ఒక్క కారూ అమ్మింది లేదు. ఆ నీలం పెట్రోల్ కారును ఈ వారంలో వదిలించకపోతే మూటాముల్లే సర్దుకోమని బావ తేల్చి చెప్పేశాడు. ఎప్పుడూ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చే అక్క కూడా ఈసారి వంటింట్లోంచి బయటికి రాలేదు. బావమరిదికి నిజంగానే భయం పట్టుకుంది.

అందుకే ఆ ఉదయం, తన బుర్రకి తానే మురిసిపోయేటంత తెలివైన పని ఒకటి చేశాడు. బావ ఎప్పుడూ షెడ్డు పక్కన గోడచాటున పెట్టించే ఆ కారును కడిగి తుడిచి, హైవేకి ఎదురుగా మొదటి వరుసలో నిలబెట్టాడు. ఎండపడి అది పెళ్ళికొడుకులా మెరిసిపోయింది.

మధ్యాహ్నానికల్లా ఒకాయన వచ్చాడు. నలిగిన తెల్లచొక్కా, భుజాన సంచీ, బస్సు దిగి రోడ్డు దాటొచ్చిన ఆయాసం. గేటు దగ్గర ఆగి జేబులో చెయ్యి పెట్టుకున్నాడో లేదో, నీలం కారు లైట్లు ఒక్కసారి మినుక్కుమన్నాయి. తన జేబులో ఉన్న తాళమే ఎక్కడో నొక్కుకుపోయిందనుకుని బావమరిది నాలిక్కరుచుకున్నాడు. అంతలోనే సర్దుకున్నాడు.

"చూశారా సార్, మిమ్మల్ని చూసి కన్ను కొడుతోంది."

"కొట్టింది, చూశాను" అన్నాడు ఆయన, కారు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన పళ్ళ డాక్టరట. క్లినిక్కు వేరే ఊళ్ళో. రోజూ హైవే మీద గంటకి పైగా పోవడం, అంతసేపూ మళ్ళీ రావడం. కొన్ని నెలలుగా బస్సులో వేలాడుతూ ఈ షాపు ముందునుంచే వెళ్తున్నాడట.

"రోజూ అంత దూరమంటే ఆ తెల్లది మేలు సార్. డీజిల్. మైలేజీ కూడా..." అనేసి, బావ ముఖం గుర్తొచ్చి బావమరిది టక్కున ఆగిపోయాడు. తనకి అమ్మకాలెందుకు చేతకావో అతనికి అప్పుడప్పుడూ ఇలా అర్థమవుతూ ఉంటుంది.

డాక్టరు మాటవరసకి తెల్ల కారు తలుపు తీసి, మళ్ళీ వేసేశాడు. "మైలేజీ సంగతి సరే బాబూ. లారీని దాటుతున్నప్పుడు కాలు నొక్కీ నొక్కకముందే బండి ఉరకాలి. అప్పుడు కూర్చుని ఆలోచించే బండితో రోజూ ప్రాణసంకటమే. నాకు గట్టి పెట్రోల్ ఇంజినే కావాలి. ఇదే కావాలి."

బావమరిది గాల్లో తేలిపోయాడు.

"తాళాలు రెండూ ఇస్తారా?" అని అడిగాడు డాక్టరు.

"ఒకటే ఉంది సార్. రెండోది పాత ఓనరు ఎక్కడో పారేసుకున్నాడట."

"పాపం" అన్నాడు డాక్టరు.

ఆ కారుకి తాళం దూర్చే పనిలేదు. లోపల ఎవరి జేబులో ఉన్నా చాలు, బటన్ నొక్కితే ఇంజిను అందుకుంటుంది. జేబు తనదే కనక బావమరిది నిశ్చింతగా పక్కసీట్లో కూర్చున్నాడు.

డాక్టరు చూడకుండానే సీటు కింద మీట అందుకుని వెనక్కి జరిగాడు. హైవే ఎక్కగానే ముందు ఏదో గలగలమంటే, డాష్‌బోర్డు మూల పిడికిలితో ఒక్క పోటు పొడిచాడు. చప్పుడు ఆగిపోయింది. ఎన్ని దవడలు చూసిన చెయ్యో అని బావమరిది ముచ్చటపడి నవ్వాడు.

"వెనక పన్ను ఒకటి పుచ్చిపోయింది, చూపించుకోండి" అన్నాడు డాక్టరు.

బావమరిది ఇక నవ్వలేదు. లారీలు ఒక్కొక్కటే వెనకబడుతుంటే డాక్టరు ముఖం మాత్రం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది.

దారిలో బంకు కనిపిస్తే ఆపి, సొంత డబ్బుతో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాడు. బావమరిదికి కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. పరాయి కారుకి ఎవరైనా ట్యాంకు నింపిస్తారా? బేరం కుదిరిపోయినట్టే. ఈ పూట అక్క ఎదురుగా తలెత్తుకుని అన్నం తినొచ్చు.

డాక్టరు కారు ఓ పక్కకి తీసి ఇంజిను ఆపేశాడు. "వెనక టైరులో గాలి తగ్గినట్టుంది. కాస్త చూస్తారా?"

బావమరిది జేబు తడుముకున్నాడు. తాళం భద్రంగా ఉంది. ధైర్యంగా దిగి టైరు దగ్గర వంగాడు.

ఇంజిను గుర్రుమంది.

"మీ షాపుకెళ్ళే బస్సు ఇక్కడే ఆగుతుంది బాబూ" అని కిటికీలోంచి చెప్పి డాక్టరు కాలు నొక్కాడు. కారు నిజంగానే ఉరికింది. చూస్తుండగానే లారీల మధ్య మాయమైపోయింది.

బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మోసపోయాం. పళ్ళ డాక్టర్నని చెప్పి ఒకడు నీలం కారు పట్టుకుపోయాడు. తాళం నా జేబులోనే ఉంది, అక్క మీద ఒట్టు. పోలీసులకి చెప్పేస్తున్నా."

"పోలీసుల మాటెత్తావంటే చంపేస్తా. పళ్ళ డాక్టరా? పొద్దున్న కారెక్కడ పెట్టావురా?"

"ముందు వరుసలో బావా. రోడ్డు మీదికి బాగా కనబడేలా."



"రెండో తాళం పారేసుకున్నాడని నీకు అబద్ధం చెప్పాన్రా" అన్నాడు బావ నీరసంగా. "కారు ఎత్తుకొచ్చిన రోజు ఆ డాక్టరింట్లో కొక్కేనికి వేలాడుతూ నాకు ఒక్కటే దొరికింది."