నిస్సీ సందేహాలు

"మా దివ్యని ఆ పిల్ల పక్క నుంచి లేపెయ్యండి మేడమ్!"

అమ్మకం అయిపోయిన చేపల గంప గేటు దగ్గర దించి, పదో తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది నాంచారమ్మ. క్లాసంతా ఇటే చూసింది. సైన్సు టీచరు సుమతి గబగబా ఆమెను వరండాలోకి తీసుకొచ్చింది.

"ఏమైందండీ?"

"ఇంకేం కావాలండీ? నెల్లాళ్ళ నుంచీ చివరి పీరియడంతా మా పిల్ల ఆ నిస్సీకి సైన్సు చెప్తా కూర్చుంటోందంట. నిన్న అదే మురిసిపోతా చెప్పింది. ఎవరో మొద్దుపిల్లకి చెప్పుకుంటా కూర్చుంటే దీని చదువేం కాను? రేపు పబ్లిక్‌లో తప్పితే వాళ్ళ నాన్న ఇంక బందరు కాలేజీ మాటెత్తనిస్తాడా? నాలాగే గంప నెత్తికెత్తుకుని తిరుగుద్ది!"

"ఒక్క ఐదు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి వినండి. ఆ తర్వాత మీరు ఎలా అంటే అలాగే."

లోపల పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చున్నారు. దివ్యశ్రీ ముందు గాజుగ్లాసు, అందులో కోడిగుడ్డు. చెంచాతో ఉప్పు వేసి కలుపుతోంది.

"ఉప్పు పడేకొద్దీ నీళ్ళ సాంద్రత పెరుగుద్ది. గుడ్డు సాంద్రతను దాటిందంటే గుడ్డు పైకొచ్చేస్తుంది. మా అమ్మ చేపల్ని ఉప్పునీళ్ళలో వేసేటప్పుడు గుడ్డుతో ఇలాగే చూసుకుంటది."

గుడ్డు మెల్లగా పైకి తేలింది.

"తేలిందంటే కుళ్ళిపోయినట్టేగా?" అంది నిస్సీ.

దివ్య గుడ్డును చూసింది, గ్లాసును చూసింది. కిటికీ బయట నాంచారమ్మ ఊచ పట్టుకుని ముందుకు వంగింది.

"కుళ్ళింది మంచినీళ్ళలోనే తేలుతుంది. ఇది ఇందాక మంచినీళ్ళలో మునిగింది, నువ్వూ చూశావుగా? మారింది గుడ్డు కాదే, నీళ్ళు!" అంది దివ్య.

నాంచారమ్మ నుదురు కొట్టుకుంది. "విన్నారా? గుడ్డు సంగతి కూడా తెలీదు ఆ పిల్లకి!"

సుమతి గొంతు బాగా తగ్గించింది. "నిస్సీ నెల క్రితమే కొత్తగా చేరిందండీ, పాత స్కూల్లో ఫస్టు. మీ దివ్యకే మొన్నటిదాకా యాభైకి తొమ్మిది. లేచి నిలబడమంటే నోరు విప్పేది కాదు. అందుకే ఏమీ రానట్టు అడుగుతూ ఉండమని నిస్సీకి నేనే చెప్పాను. మొన్నటి పరీక్ష పేపర్లు రాత్రే దిద్దాను, దివ్యకి ముప్పై ఆరు. కానీ నిస్సీ నటిస్తోందన్న సంగతి మాత్రం దివ్యకి చెప్పకండి."

నాంచారమ్మ కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. ఒత్తుకున్న కొంగు దించకుండానే కొత్త భయం పట్టుకుంది. దీనికి తెలిస్తే? అందరూ కలిసి ఆటపట్టించారని బడికే రానంటే?

బడి వదిలాక దివ్య ఖాళీ గంప చంకన పెట్టుకుని ముందు నడుస్తోంది. నాంచారమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఏమే, పాపం ఆ నిస్సీకి ఇంకా చాలా చెప్పాలా?"

"అబ్బో, ఇంకా కాంతి ఉంది, కరెంటు ఉంది..."

"విసుగు రావట్లేదా నీకు? అన్ని ప్రశ్నలు అడుగుద్దిగా?"

దివ్య వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరని తేల్చుకుని, కిసుక్కున నవ్వి, తల్లి చెవి దగ్గర నోరు పెట్టింది.

"దానికన్నీ వచ్చని మొదటి రోజే తెలిసిపోయిందమ్మా. నాకు తెలుసని తెలిస్తే అడగడం మానేస్తుంది, మేడమ్‌కి చెప్పేవు జాగ్రత్త!"