అలివేలు పెట్ట

“ముట్టొద్దు! కొత్త చెయ్యి తగిల్తే గుడ్లు మురిగిపోతాయి!”

తాయమ్మ కేకకు ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ముట్టలేదు తల్లీ. గంపకింద ఇసక కాలిపోతా ఉండాది. రవ్వన్ని నీళ్లు చల్లితే పెట్టకు సల్లగుంటాదని...”

“నాకు తెలీదా? నువ్వు పోయి కసువు ఊడ్చు.”

యుద్ధం రోజులు. బియ్యానికి కరువు. పులికాట్ వైపు నుంచి నడుచుకుంటూ సత్యవేడు చేరిన ఆ అవ్వకు తాయమ్మ పూటకింత గంజి పోసి, పశువుల కొట్టంలో చోటిచ్చింది.

గుడ్ల దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు.

ఆ వేసవిలో తెగులొచ్చి ఊళ్లో కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తాయమ్మ ఇంట్లో మిగిలింది ఏడు గుడ్ల మీద కూర్చున్న ఒక్క పెట్ట. పోయినేడు జ్వరంతో చనిపోయిన కూతురు అలివేలు అరచేతిలో నూకలు పోసి పెంచుకున్న పెట్ట అది. ఆ పిల్ల గుర్తుగా ఇంట్లో ప్రాణంతో ఉన్నది అదొక్కటే.

ఇరవయ్యొక్కో దినానికి పిల్లలు లేస్తాయని తాయమ్మ రోజూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేది.

పదిహేనో దినం మధ్యాహ్నం పెట్ట మేతకు దిగింది. ముంగిస గొంతు కొరికేసింది.

కూతురు పోయిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది తాయమ్మ.

మొగుడు ఎల్లప్ప గుడ్ల గంప ఎత్తుకున్నాడు. “తల్లి సచ్చిన గుడ్లు ఇంట్లో ఉండగూడదు. దిబ్బలో పారేసొస్తా.”

“ఉంచితే ఏమవుతాది?”

“వేడి లేకుంటే అవి మాత్రం బతుకుతాయా?”

మాట నిజమే.

తెల్లారి మనసు ఆగక దిబ్బ దగ్గరికి పోయి చూసింది. గుడ్లు లేవు. కుక్కలు తినేశాయనుకుంది.

ఆ రోజు నుంచే అవ్వకు బద్ధకం పట్టుకుంది. మండుటెండల్లో చింకి దుప్పటి కప్పుకొని, కొట్టంలో గోడకు ఆనుకుని కూర్చుంటే లేవదు. కసువు ఊడ్వదు. గంజి ముంత కూడా కూర్చున్నచోటే అందుకుంటుంది.

“జ్వరమా అవ్వా?”

“కాదు తల్లీ. నాలుగు దినాలు ఓర్చుకో.”

“గంజి తాగి కూర్చోడానికి ఈమేమన్నా జమీందారిణా?” అని పొరుగింటి చంద్రకాంతమ్మ మూతి తిప్పింది.

ఐదో దినం పేడకని కొట్టంలోకి వచ్చిన చంద్రకాంతమ్మ అవ్వ వైపు చూసింది. దుప్పటి జారి ఉంది. అవ్వ ఒడిలో గుడ్లు!

“తాయమ్మా! దిబ్బలో పారేసిన గుడ్లు ఈమె ఒళ్లో ఉండాయి సూడు! సచ్చిన పెట్ట గుడ్లు ఎవురన్నా దాస్తారా? చేతబడే!”

చేతబడి అన్న మాటకు సాక్ష్యం అక్కర్లేదు, చెవులుంటే చాలు. పెట్ట చచ్చింది కూడా ఈమె వల్లే అనిపించింది తాయమ్మకు.

“లాగెయ్ దాన్ని!” అని అరిచింది.

ఎల్లప్ప అవ్వ రెక్క పట్టుకున్నాడు.

“లాగొద్దు నాయనా! రేపొక్క దినం ఆగు. నీ కాళ్లు మొక్కుతా!”

లాగాడు.

గుడ్లు బండ మీద పడ్డాయి.

సొన కారలేదు. పెంకుల్లోంచి తడి నూగుతో పిల్లలు బయటపడ్డాయి. ఒకటి ముక్కు తెరిచి, మూసింది. మళ్లీ తెరవలేదు.

“ముందే చెప్పొచ్చు గదా అవ్వా!” అంటూ తాయమ్మ బండ మీద కూలబడింది.

“చెప్తే ఉంచనిస్తారా తల్లీ?”

పగలని గుడ్డు ఒకటి మిగిలింది. అవ్వ దాన్ని కొంగుతో తుడిచి తాయమ్మ ఒడిలో పెట్టింది.

“కదలొద్దు” అని చెప్పి, దుప్పటి దులుపుకుని వెళ్లిపోయింది. ఆపడానికి తాయమ్మకు మొహం చెల్లలేదు.

పొద్దు వాలకముందే నడుము పట్టేసింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. అవ్వ ఐదు దినాలు ఎలా కూర్చుందో తలచుకుంటే సిగ్గుతో ఏడుపొచ్చింది. అయినా కదలలేదు.

మరునాడు పెంకు చిట్లింది.

తడి ఆరగానే పిల్లను చేత్తో పట్టుకుని తాయమ్మ రోడ్డుకు పరిగెత్తింది. బస్సులు ఆగేచోట కాశిం సాహెబ్ అంగడిలో అడిగింది.

“ఆ ముసలామా? నిన్ననే నగరి దారిన నడిచిపొయ్యింది. యాడికని చెప్పలేదు. నీకేమవుతాదమ్మా?”

తాయమ్మ పిడికిలి విప్పి, కియ్యమంటున్న పిల్లను చూపించి, “దీని తల్లి సాయిబూ” అంది.