బోనస్ బదులు ఆట

ఓనరు అందరినీ ఆటకు తీసుకెళ్తానన్న రోజుకే కటింగ్ మాస్టరు దొంగతనానికి ముహూర్తం పెట్టుకున్నాడు.

అసలు తప్పు ఓనరుదేనని మాస్టరు గట్టి నమ్మకం. చొక్కాలు కుట్టే ఆ కంపెనీలో పనివాళ్లంతా కలిసి వెళ్లి బోనస్ అడిగితే, ఓనరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనది కంపెనీ కాదర్రా, కుటుంబం. కుటుంబంలో ఎవరైనా బోనస్ అడుగుతారా?" అన్నాడు. అడిగినవాళ్లే సిగ్గుపడి వెనక్కి వచ్చారు. మర్నాడు బోనస్ బదులు ఇంకోటి ప్రకటించాడు. ఆదివారం ఊరి బయట మైదానంలో అందరికీ లేజర్ ట్యాగ్! దానివల్ల ఐకమత్యం పెరుగుతుందట.

"అంటే ఏంటండీ?" అని అడిగింది మాస్టరు భార్య, పాత తొక్కుడు మిషన్ ఆపి. ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టీ కుట్టీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి.

"ఒంటికి లైట్లున్న కోటు తగిలిస్తారు. చేతికో ప్లాస్టిక్ తుపాకీ ఇస్తారు. పొదల్లో పరిగెత్తుతూ ఒకళ్లనొకళ్లు కాల్చుకోవాలి. వెలుగు తగిలితే కోటు కుయ్యిమంటుంది. ఇక చచ్చినట్టే లెక్క. బయటికొచ్చేయాలి."

"దానికోసం బోనస్ ఎగ్గొట్టాడా?"

"నా బోనస్ నేనే తెచ్చుకుంటాలే. ఆ రోజు వాచ్‌మన్‌ని కూడా ఆటకు రమ్మన్నాడు, పిచ్చిమారాజు! కంపెనీలో పిట్ట కూడా ఉండదు. రోజూ వెనక తలుపు తీసేది నేనే కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉంది. నేను తొందరగా చచ్చి బయటపడతాను. మీ తమ్ముణ్ణి వ్యాన్ తెమ్మను. ఒక్క కరెంటు మిషన్ పట్టుకొచ్చేస్తాం."

భార్య మోకాళ్లు రుద్దుకుంది.

"ఎలాగూ వ్యాన్ వస్తోంది కదా. కాజాలు కుట్టే మిషన్ కూడా పట్టుకురండి."

ఆదివారం పొద్దున మైదానంలో పాత టైర్ల గుట్టల మధ్య అందరూ నిలబడ్డారు. ఓనరు కూడా బొజ్జ మీద కోటు బిగించుకుని, "ఈరోజు ఓనరూ లేడు, పనివాళ్లూ లేరు. నన్ను కూడా కాల్చండి!" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఈల మోగీ మోగగానే కుటుంబం మొత్తం ఆయన మీదికి ఎగబడింది. ఆయన పొదల్లోకి ఉరికాడు. ఎర్ర జట్టు, నీలం జట్టు ఒక్కటైపోయి, "ఓనరెక్కడ? ఓనరెక్కడ?" అంటూ మైదానమంతా గాలించాయి. నిజంగానే అంత ఐకమత్యం ఎప్పుడూ లేదు. కానీ ఆయన ఎక్కడ నక్కాడో ఏమో, ఎవరికీ చిక్కలేదు.

మాస్టరు కష్టం వేరు. అతన్ని ఎవరూ కాల్చడం లేదు. మాస్టరుకు కోపమొస్తే రేపట్నించి వంకర ముక్కలు కత్తిరించి ఇస్తాడని అందరికీ భయం. అతను టైర్ల గుట్ట ఎక్కి ఛాతీ విరుచుకుని నిలబడినా, "కాస్త పక్కకు జరగండి మాస్టారూ, ఓనరు కనబడట్లేదు" అన్నారే గానీ, ఒక్క వెలుగు తగలలేదు. చావు కోసం అలా నానా తంటాలూ పడి, చివరికి గుండీలు కుట్టే అక్కను బతిమాలుకున్నాడు.

"అక్కా, నీకు పుణ్యముంటుంది. నన్నొక్కసారి కాల్చు."

"అయ్యో, అదెంత భాగ్యం మాస్టారూ!" అని ఆమె పళ్లు కొరుక్కుంటూ కోటు మూలిగేదాకా కాల్చింది.

అరగంటలో వ్యాన్ కంపెనీ వెనక ఆగింది.

"బావా, నాకు భయంగా ఉంది. ఇది దొంగతనం కదా?" అన్నాడు బామ్మర్ది.

"నోర్ముయ్. ఇది బోనస్" అని మాస్టరు వెనక తలుపు తాళం తీసి లోపలికి వెళ్లాడు.

హాలు ఖాళీగా ఉంది. ఒక్క మిషన్ లేదు. నేల మీద మిషన్ల కాళ్ల గుర్తులు, దారం పోగులు తప్ప ఏమీ మిగల్లేదు. మధ్యలో ఒక స్టూలు మీద కూర్చుని ఓనరు చెమట తుడుచుకుంటున్నాడు. హడావుడిలో విప్పడం మరిచాడేమో, ఒంటి మీద ఆట కోటు ఇంకా మిణుకుమిణుకుమంటోంది.

"మిషన్లు...?" అన్నాడు మాస్టరు.

"అమ్మేశాను. లారీ ఇప్పుడే ముందు గేటు నుంచి వెళ్లింది" అన్నాడు ఓనరు, ఇక దాచి లాభం లేదన్నట్టు. "దొంగలు ఎత్తుకుపోయారంటే ఇన్సూరెన్స్ కూడా వస్తుంది కదా. అందుకే మీ అందర్నీ ఆటకు పంపాను."

రేపట్నించి గుండీల అక్కకు పని లేదు, వాచ్‌మన్‌కు లేదు, తనకు లేదు. మాస్టరుకు ఒళ్లు మండిపోయింది. తాను ఎందుకు వచ్చాడో కూడా మరిచిపోయాడు.

"దొంగా! కుటుంబమన్నావు కదయ్యా! పోలీసులకు చెప్తాను!"

అప్పుడే బయటి నుంచి బామ్మర్ది కేక వినిపించింది. "బావా! రెండు మిషన్లేనా? వ్యాన్‌లో ఇంకోటి కూడా పడుతుంది!"

ఓనరు ముఖం వికసించింది. "మీకెందుకు శ్రమ, నేనే చెప్తాను" అని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో, పోలీస్ స్టేషనాండీ? మా కంపెనీలో మిషన్లన్నీ పోయాయండీ... ఆఁ, వెతకక్కర్లేదండీ, దొంగ తాళంచెవితో, వ్యాన్‌తో సహా నా ఎదురుగానే ఉన్నాడు."