బిళ్ల కింది నీలం

“అవ్వా, ఈ బిళ్ల ఇప్పెయ్యాల్నట. హైద్రాబాదోళ్లు ఇచ్చింది ఇగ చెల్లదంట.”

బడి అరుగు మీద రాజక్క తల్లికి చెప్పింది. హైద్రాబాదు రాష్ట్రం నుంచి విడిపోయిన రాజురా తాలూకా, మరాఠీవాళ్ల చాందా జిల్లాలో కలిసిన ఏడు అది. కొత్తగా వచ్చిన గర్ల్ గైడ్స్ టీచరమ్మకు మరాఠీ తప్ప మరో మాట రాదు.

“మళ్ల పరీక్ష పెడ్తదా?” అంది గంగవ్వ.

“వచ్చే ఏడు, చాందాల.”

గంగవ్వ టీచరమ్మ చేతిలోని కత్తెర అందుకుంది. కూతురి గైడ్స్ గౌనుకున్న ఆ ఫస్ట్ ఎయిడ్ గుడ్డబిళ్లను బొంత కుట్టినట్టు కుట్టింది తనే, ఒక పట్టాన ఊడిరాలేదు. ఊడాక చూస్తే, వెలిసిపోయిన నీలిగౌను మీద ఆ గుండ్రం మేరకు రంగు కొత్తగా మెరుస్తోంది.

గంగవ్వ రైకకు గుచ్చుకున్న సూదీదారం తీసి, బిళ్లను మళ్లీ అక్కడే కుట్టసాగింది.

టీచరమ్మ మరాఠీలో గద్దించింది.

“తియ్యమంటే కుడుతున్నవేందని అడుగుతుంది అవ్వా.”

“తియ్యమన్నది, తీసిన.” గంగవ్వ అరచెయ్యి చాపింది. అడ్డంగా కొడవలి గాటు మచ్చ. “నెత్తురు ఆపి కట్టు కట్టింది నువ్వే అని చెప్పు. గది గూడ చెల్లకుంటే ఈ కత్తెరతోటే మళ్ల కోసుకుంట. చాందా దాక ఎందుకు, పరీక్ష ఇప్పుడే పెట్టుమను.”

రాజక్క ఒక్క మాట తగ్గించకుండా మరాఠీలో చెప్పింది.

టీచరమ్మ ముందుగా కత్తెర లాక్కుంది. తర్వాత ఆ మచ్చకేసి చూసింది. కత్తెరను తన సంచిలో వేసుకుంది.

గంగవ్వ ఈసారి కుట్లు ఇంకా దగ్గరగా వేసింది.