వెనక బల్ల మీది అమ్మాయి

"ఇంకొంచెం వంగండి పెద్దాయనా. చలికి వణికిపోతున్నట్టు ఉండాలి" అన్నాడు చిత్రకారుడు లార్కిన్.

"బండి తోలేవాడు వంగితే గుర్రాలు నవ్వుతాయి బాబూ" అన్నాడు జాబెజ్. అంటూనే వంగాడు.

బయట జూలై ఎండ. లోపల జాబెజ్ ఒంటిమీద మూడు కోట్లు, మెడకు ఉన్ని గుడ్డ. కుర్చీనే బండి అనుకుని కళ్లేలు పట్టుకు కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లు ఇంగ్లండులో యార్క్ ఊరి దారిలో ప్రయాణికుల నాలుగు గుర్రాల బండి తోలిన మనిషి. రైలు వచ్చాక బండి ఆగిపోయింది. గుర్రాలను తోళ్ల వ్యాపారికి అమ్మేశారు. ఇప్పుడతను సత్రం వెనక గుర్రపు లద్ది ఎత్తుతున్నాడు.

అలాంటివాణ్ణి లార్కిన్ వెతుక్కుంటూ వచ్చి, "మంచులో మీ బండి బొమ్మ వేస్తాను. పదిమందీ చూసేచోట పెడతారట" అంటే జాబెజ్ నమ్మలేకపోయాడు. కూలి ఇస్తానన్నా పుచ్చుకోలేదు.

"మా పాత యజమానే వేయిస్తున్నాడు కదూ?" అని ఒకసారి అడిగాడు. లార్కిన్ కుంచె కడుక్కుంటూ ఉండిపోయాడు.

బొమ్మలో రోజురోజుకీ మంచు పెరిగింది. ముందు గుర్రం మోకాళ్లమీద కూలబడింది.

"ఇంతకంటే ఘోరం ఏదైనా చూశారా?" అన్నాడు లార్కిన్.

జాబెజ్ కళ్లేలు ఒళ్లో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. భార్య డోర్కస్‌కి కూడా చెప్పని సంగతి అది.

"ఒకమ్మాయి. కుట్టుపనికి పోతోంది. లోపల కూర్చునే స్తోమత లేక బండిపైన, వెనక బల్ల మీద ఎక్కింది. కాళ్ల కింద గడ్డి వేశాను. సత్రం దగ్గర 'దిగమ్మా, వేడిగా ఏమైనా తాగుదువు' అన్నాను. దిగలేదు. ఎత్తి దించితే, కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. చలికి కొయ్యబారిపోయింది. ఆమె కోసం ఎవరూ రాలేదు. పేరు కూడా తెలీదు. సమాధి మీద రాయైనా లేదు."

"ముఖం ఎలా ఉండేది?"

ఆమెను బొమ్మలోకి తేవడానికి రెండు రోజులు పట్టింది. ముక్కు, గడ్డం, టోపీ కింద జారిన జుట్టు. పూర్తయ్యాక జాబెజ్ తన టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"దారిలో ఎక్కడైనా ఆపి ఉండాల్సింది. వేళ తప్పితే ఉద్యోగం పోతుందని ఆపలేదు. పోనీ, ఇప్పుడు బొమ్మైనా ఉంది. చూసినవాళ్లు అయ్యో అనుకుంటారు."

"అనుకుంటారు" అన్నాడు లార్కిన్, అతని వైపు చూడకుండా.

సెప్టెంబరులో లార్కిన్ కబురు పంపాడు. పటం తగిలించిన చోటు పేరు విని డోర్కస్ "అక్కడా?" అంది.

"జనం ఎక్కువగా వచ్చేది అక్కడికేగా" అన్నాడు జాబెజ్, కోటు దులుపుకుంటూ.

వెళ్లేసరికి పటం ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంటోంది. జాబెజ్ డోర్కస్ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లాడు.

"అదిగో, ఆ అమ్మాయే. కింద ఏదో రాశారు చూడు. తనకో పేరు పెట్టారేమో. చదవవే."

టికెట్ల కిటికీ పైన రైలు కంపెనీవాళ్లు బంగారు అక్షరాలతో రాయించిన మాటలను డోర్కస్ కూడబలుక్కుంటూ చదివింది: "ఇక ఎవరూ ఇలా చావనక్కర్లేదు, మా రైలెక్కండి."