అదృష్టం పట్టినవాడే డోనట్లు కొనాలి

రండి, దగ్గరకి జరగండి. ఆ కప్పుల చప్పుడు ఆపండి. ఆర్లిస్, ముఖ్యంగా నువ్వు నోరు మూసుకో. ఈ కథలో నువ్వున్నావు.

మన వైట్ రివర్ నది సంగతి మీకు తెలిసిందే. ఒకసారి ఇందులోంచి ఓ క్యాట్‌ఫిష్‌ని పైకి లాగితే నీళ్ళు మోకాలి లోతుకి దిగిపోయి, పడవలన్నీ బురదలో కూలబడ్డాయి. అది నిజం. ఇప్పుడు చెప్పేది అంతకన్నా నిజం.

చేపల ఎరలమ్మే ఓపల్ కొట్టులో ఓ ఆనవాయితీ ఉంది. అదృష్టం పట్టినవాడు అందరికీ డోనట్లు కొనాలి. పెద్ద చేప పడినా, మనవడు పుట్టినా, చుట్టపుచూపుకి వచ్చిన అత్తగారు వెళ్ళిపోయినా డోనట్లే.

కరోనా వచ్చిన ఏడు గవర్నమెంటు మనిషికి పన్నెండు వందల డాలర్లు ఇచ్చింది చూడండి, అప్పుడు రోజుకొకడు డోనట్లు కొన్నాడు. కొట్టు బయట అందరూ ఆరడుగుల దూరంలో నిలబడి తినేవాళ్ళు. ఆర్లిస్ లెక్కలో ఆరడుగులంటే చెయ్యి చాపితే డోనట్ అందేంత.

రాయిస్ డబ్బు మాత్రం రాలేదు.

రాయిస్ ఈ ఊరివాడు కాదు. సరుకు పడవల మీద పని చేస్తూ తుంటి విరగ్గొట్టుకుని, కుంటుకుంటూ వచ్చి ఓపల్ దగ్గర ఎర చేపల తొట్లు కడిగే పనిలో చేరాడు. తన సంగతులు ఎవరికీ చెప్పేవాడు కాదు. గేర్‌బాక్సు పోయిన అతని ట్రక్కు కొట్టు వెనక పడి ఉండేది.

ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. డబ్బు రాగానే ట్రక్కు బాగుచేయించి మెంఫిస్ పట్నం వెళ్తానన్నాడు. కూతురు టెస్సా స్కూలు చదువు పూర్తవుతోందట. ఆ ఏడు పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టకుండా కార్లలో ఊరేగిస్తున్నారట. రోడ్డు పక్కన నిలబడి చూసినా చాలన్నాడు.

డబ్బు సంగతి ఓపల్ ఫోన్ చేసి కనుక్కుంది. ఆవిడకి చెవుడు కదా, ఫోన్ స్పీకర్లో పెడుతుంది. నదికి అవతల ఉన్నవాళ్ళు కూడా విన్నారు.

పిల్ల తల్లితో విడిపోయాక, బిడ్డని పెంచడానికి నెలనెలా కట్టమని కోర్టు చెప్పిన డబ్బు రాయిస్ బాకీ పడ్డాడట. తుంటి విరిగి మంచాన పడ్డ నెలల్లోనూ ఆ బాకీ పెరుగుతూనే ఉందట. పన్నులు ఎగ్గొట్టినవాడికైనా ఈ డబ్బు ఇస్తారట గానీ, పిల్లల బాకీ ఉంటే పట్టేసుకుంటారట. పన్నెండు వందలూ పిల్ల తల్లికి వెళ్ళిపోయాయట.

రాయిస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత లోపలికెళ్ళి అందరికీ డోనట్లు తెచ్చాడు.

"డబ్బు పోయినోడివి, నువ్వెందుకు కొన్నావోయ్?" అన్నాడు ఆర్లిస్.

"పిల్లకి చేరింది కదా," అన్నాడు రాయిస్.

ఆ మాట ఎవరి బుర్రకీ ఎక్కలేదు. కన్నబిడ్డకి పెట్టనివాడు ఊరికి డోనట్లు పెడుతున్నాడని నవ్వుకున్నారు. అతని డోనట్లు తిన్నాకే నవ్వారు, అది వేరే సంగతి.

ఆర్లిస్ అయితే, రాయిస్ వస్తున్నాడు, మీ పిల్లల డబ్బుల డిబ్బీలు దాచుకోండర్రా అని కేకేసేవాడు. తొట్లో చేపలు కూడా అతన్ని చూసి పిల్లల్ని వెనక్కి తోస్తున్నాయనేవాడు. రాయిస్ తొట్లు కడుక్కుంటూ ఉండేవాడు.

ఊరేగింపు ముందురోజు వాన. రాయిస్ ఆర్లిస్ ట్రక్కు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"మెంఫిస్ దాకా దింపుతావా అన్నా? పెట్రోలు నేను పోయిస్తా."

"ముందు పిల్లని పెంచు. తర్వాత చూద్దువుగాని," అన్నాడు ఆర్లిస్.

రాయిస్ సరేనన్నాడు. టోపీ కిందకి లాక్కుని, కుంటుకుంటూ హైవే వైపు నడిచాడు.

అతన్ని ఎవరెక్కించుకున్నారో, ఎంత దూరం నడిచాడో తెలీదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం దగ్గు వెంటబెట్టుకొచ్చాడు. పిల్లని చూశావా అని ఓపల్ అడిగితే చూశానన్నాడు. కారు కిటికీలోంచి చెయ్యి ఊపిందట. అందరికీ ఊపింది, అందులో తనకీ వచ్చిందన్నాడు.

ఆ తర్వాత ఆసుపత్రి. అక్కడి నుంచి మళ్ళీ రాలేదు.

రాయిస్ ఫోన్లో ఉన్న ఒకే ఒక్క మెంఫిస్ నంబరుకి ఓపల్ కబురు చేసింది. పూడ్చే రోజున పదిమందికి మించి రావద్దన్నారు. పదిమంది వస్తే కదా. ఓపల్, ఆర్లిస్, ఇంకో ఇద్దరు ముగ్గురు. మాస్కు కట్టుకుని ఒకావిడ వచ్చింది. టెస్సా తల్లి డీనా. కారులో పిల్ల మొహం కప్పుకుని ఏడుస్తోంది.

ఆర్లిస్ ఊరుకుంటాడా? చచ్చేలోపు బాకీ కొంతైనా వసూలైందన్నమాట అన్నాడు.

డీనా కారు వైపు చూసి గొంతు తగ్గించింది.

"అది రాయిస్ కూతురు కాదండీ. కన్నోడు నా కడుపు చూసి పారిపోయాడు. ఆసుపత్రిలో తండ్రెవరని అడిగితే, నేనే అని సంతకం పెట్టాడు రాయిస్. మేం విడిపోయాక నేనే చెప్పా, రక్తపరీక్ష చేయించుకుని కోర్టులో చూపించు, ఈ బాకీ తప్పుతుందేమో అని. 'మరి పిల్లకి నాన్నెవరు?' అన్నాడు. దానికి ఇప్పటికీ తెలీదు."

పక్కనున్నవాడు చెవిలో మళ్ళీ చెబితే, ఓపల్ మాస్కు మీద నుంచే నోరు నొక్కుకుంది.

ఆర్లిస్ టోపీ తీశాడు. పిండాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గోతి వైపు చూస్తూ ముక్కు తుడుచుకుని ఇలా అన్నాడు.

"అయితే గవర్నమెంటోళ్ళు పొరపాటున పట్టుకున్నట్టే కదా. ఆ డబ్బు తిరిగిచ్చేస్తారు. పొద్దున్నే ఆఫీసుకి ఈసారి నా ట్రక్కులో నేనే తీసుకెళ్తా రాయిస్‌ని."